ఆపరేషన్ ముందు అమ్మ భయం

ప్రశ్న: మా అమ్మగారికి 64 ఏళ్లు. చాలాకాలంగా షుగర్, బీపీ ఉన్నాయి. వచ్చే నెలలో మోకాలి కీలుమార్పిడి ఆపరేషన్ ఉంది. ‘మత్తు ఇస్తే మళ్లీ లేస్తానో లేదో’ అని ఆమె రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. ముందురోజు రాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టకూడదని బంధువులు అంటున్నారు. ఆమెను ఎలా సిద్ధం చేయాలి?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ‘ఏమీ కాదులే’ అని కొట్టిపారేస్తే ఆ భయం తగ్గకపోగా లోలోపలే పెరుగుతుంది. దాన్ని మత్తు డాక్టరుగారి ఎదుట ఆమె నోటితోనే చెప్పించండి. ఈ ఆపరేషన్‌కు చాలామందికి వెన్నులో సూది వేసి నడుము కింది భాగానికే మత్తు ఇస్తారు; కావాలంటే కునుకు పట్టేలా మందు కూడా ఇస్తారు. ఎముకను కోసే చప్పుడు, సుత్తి దెబ్బలు వినిపించవచ్చుగాని నొప్పి తెలియదు. ఈ సంగతి ముందే తెలిస్తే థియేటర్‌లో బెదిరిపోరు. మత్తు డాక్టరును కలవడాన్ని సంతకాల తంతుగా చూడటం వల్లనే చాలామంది రోగులకు ఈ ధైర్యం దక్కడం లేదని నా అభిప్రాయం.

ఉపవాసం విషయానికొస్తే, తేలికపాటి ఆహారాన్ని మత్తుకు కనీసం 6 గంటల ముందు ఆపాలి. పాలు, పాలు కలిపిన కాఫీ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. మంచినీళ్లను సాధారణంగా 2 గంటల ముందు వరకు అనుమతిస్తారు. అయితే షుగర్ ఉన్న కొందరిలో కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది కాబట్టి మీ అమ్మగారి వేళలను డాక్టరే నిర్ణయించాలి. పొరపాటున గుక్కెడు కాఫీ తాగినా దాచకూడదు, ఎందుకంటే మత్తులో ఉన్నప్పుడు కడుపులోనిది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం.

వాడుతున్న మందులన్నీ, నాటుమందులతో సహా, ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి షుగర్ మాత్రలను 3 రోజుల ముందే ఆపిస్తారు. లేకపోతే ఉపవాసంలో, షుగర్ మామూలుగా కనిపిస్తున్నా, రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్ల పదార్థాలు) ప్రమాదకరంగా పెరగవచ్చు. గుండెకు స్టెంట్ వేసి ఉంటే, రక్తం గడ్డకట్టకుండా వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌లను మీ అంతట మీరు ఆపవద్దు. మూత్రంలో మంట, పంటి చీము, కాలిపై పుండు వంటివి ఉంటే తప్పక చెప్పండి, ఎందుకంటే అమర్చిన కీలుకు ఇన్ఫెక్షన్ సోకితే దాన్ని వదిలించడం చాలా కష్టం. ఇదే కారణంతో ఇంట్లో బ్లేడుతో కాలి వెంట్రుకలు తీయవద్దు.

ఈ నెలంతా రోజూ మంచంపై కాలు చాపించి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ తొడ కండరాన్ని 5 సెకన్లు బిగబట్టించండి. కండరం బలపడితే ఆపరేషన్ తర్వాత లేచి నడవడం తేలికవుతుంది. ఇంట్లో నేల మరుగుదొడ్డి ఉంటే కమోడ్ కుర్చీని ఇప్పుడే తెచ్చి, దానిపై కూర్చుని లేవడం ఆమెకు అలవాటు చేయండి.