ఎలెక్టివ్, బ్యాక్‌లాగ్ రెండు పేపర్లు ఒకటే పూట పడితే ఎట్ల?

తమ్ముడూ, ఐదో సెమ్‌ల ఓపెన్ ఎలెక్టివ్ (వేరే బ్రాంచోళ్ల సబ్జెక్ట్ ఒకటి మనం తీస్కునేది) ఎంచుకోవాలె, మూడో సెమ్ మాథ్స్ బ్యాక్‌లాగ్ (ఫెయిలై మళ్ల రాయాల్సిన పేపర్) ఉన్నది, రెండూ ఒక్కటే పూట పడ్తయేమో అని అడిగినవ్ కదా, నీ భయం ఉత్తగ కాదు, నాకు పడ్డయి. హన్మకొండల మెకానికల్ చేసిన, కాలేజ్ పేరు వద్దులే.

మా దాంట్ల ఓపెన్ ఎలెక్టివ్‌లను రెండు గ్రూపులు చేసి రెండు వేరే రోజులల్ల పెట్టేటోళ్లు. నేనేమో జీఐఎస్ (కంప్యూటర్ల మ్యాపులు చేసుడు) అంటే ఇష్టమని సివిలోళ్ల రిమోట్ సెన్సింగ్ పెట్టుకున్న, అది ఏ గ్రూపుల ఉన్నదో చూడనే లేదు. తీరా టైంటేబుల్ నోటీస్ బోర్డు మీద అతికిచ్చినంక చూస్తే అదీ, నా మాథ్స్ బ్యాక్‌లాగూ ఒకటే మధ్యాహ్నం, 2 నుంచి 5. ఎగ్జామ్ బ్రాంచ్‌కు పోతే ఆడున్న సారు తల కూడా ఎత్తకుండ "రెండిట్ల ఏదో ఒకటి రాస్కో, ఇంకోటి వచ్చేసారి" అన్నడు. రెండిటికీ ఫీజు మాత్రం ముందే తీస్కున్నరు మళ్ల.

వాళ్లు టైంటేబుల్ వేసేటప్పుడు రెగ్యులర్ పేపర్లు ఒకదాని మీద ఒకటి పడకుండ చూస్తరు అంతే, బ్యాక్‌లాగోళ్లు ఎవరికి ఏది ఉన్నదో చూసే ఓపిక ఎవ్వరికీ ఉండది. 2024ల డీఎస్సీ అయిపోయిన రెండు రోజులకే గ్రూప్-2 ఉన్నదని పిల్లలు లొల్లి చేస్తే ఆగస్టు 7, 8ల జరగాల్సింది డిసెంబర్‌కు జరిపిన్రు, మనం ఇద్దరం ముగ్గురం పోయి అడిగితే ఎవరు జరుపుతరు చెప్పు.

ఆ యేడు మాథ్స్ వదిలేసిన. ఏడో సెమ్‌ల మళ్ల గదే లొల్లి, ఈసారి ప్రొఫెషనల్ ఎలెక్టివ్‌తోని (మన బ్రాంచ్‌లనే ఎంచుకునే సబ్జెక్ట్). కానీ అప్పటికి అక్కల్ వచ్చింది, పోయినేటి టైంటేబుల్ జిరాక్స్ దుకాణంల సంపాదించి, ఇట్ల పడ్తదని ఊహించి, ఫీజు కట్టిన రోజే అప్లికేషన్ రాసిన: హాల్‌టికెట్ నంబర్, రెండు పేపర్ల కోడ్‌లు, హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) సంతకం. ఆ సంతకానికే మూడు రోజులు తిరిగిన. ఫైనల్ టైంటేబుల్ ఇంకా రాలేదు కాబట్టి ఒప్పుకున్నరు, మాథ్స్ పొద్దున రాసుడు, ఎలెక్టివ్ మధ్యాహ్నం అందరితోని. నడుమల గంట సేపు బయటికి పంపలే, పేపర్ లీక్ అయితదని. ఎగ్జామ్ బ్రాంచ్ ఎనక రూంల కూసోబెట్టిన్రు, ఫోన్ గుంజుకొని నా నంబర్ రాసిన కవర్ల పెట్టిన్రు, అటెండర్ అన్న తలుపు కాడ స్టూల్ మీద కూసున్నడు. అమ్మ కట్టిచ్చిన పులిహోర ఆయనకు సగం పెట్టిన. ఆరు గంటలు రాసేసరికి బొటనవేలు పెన్ను పట్టుకున్నట్టే బిగుసుకపోయింది, కానీ రెండూ పాసైన.

నువ్వైతే ఫస్ట్ మీ సీనియర్ల కాడ పోయినేటి టైంటేబుల్ తీస్కొని ఎలెక్టివ్‌లు ఏ రోజు పెట్టిన్రో చూడు. అన్నీ ఒకటే పూట పెట్టిన్రంటే ఏది తీస్కున్నా ఒకటే, ఇష్టమైంది పెట్టుకొని అప్లికేషన్ మీద పడు. వేరే వేరే రోజులుంటే మాథ్స్‌కు దూరం ఉన్న గ్రూపుల చూస్కో, పోయినేడు లెక్కనే ఈయేడు ఉంటదని గ్యారంటీ లేదు గని ఏం చూడకుండ పెట్టుకునుడు కన్న నయం. ఇంకొకటి ఎన్‌పీటీఎల్, అంటే ఐఐటీలోళ్ల ఆన్‌లైన్ కోర్సులు, ప్రభుత్వ స్వయం పోర్టల్‌ల ఉంటయి. యూజీసీ 2021 రూల్స్‌ల ఒక సెమ్ కోర్సులల్ల 40 శాతం దాక స్వయం కోర్సులతోని క్రెడిట్లు తీస్కోవచ్చని ఉన్నది, ఎగ్జామ్ శని ఆదివారాలల్ల ఉంటది కాబట్టి కాలేజ్ పేపర్ల మీద పడుడు తక్కువ, నేను కట్టినప్పుడు ఫీజు 1000 రూపాయలు. కాకపోతే మీ కాలేజ్ ఎలెక్టివ్ బదులు దాన్ని ఒప్పుకుంటదా అన్నది రిజిస్టర్ చేసేకన్న ముందే అడుగు, చేసినంక కాదు.

మీది ఆటానమసా (పరీక్షలు కాలేజే పెట్టుకునేది), లేకపోతే యూనివర్సిటీ నుంచే టైంటేబుల్ వస్తదా? యూనివర్సిటీదైతే మీ కాలేజోళ్ల చేతుల ఏం ఉండది, అప్లికేషన్ ప్రిన్సిపల్ నుంచి పైకి పోవాలె, ఇంకా ముందు మొదలుపెట్టాలె.