డిక్కీలో అరటి మరక కాదు, చాసిస్ నంబరు చూడండి

ప్రశ్న: మాది రావులపాలెం దగ్గర పల్లె, అరటి వ్యాపారం. మూడు నెలలు తిరిగి, మూడు కంపెనీల సెడాన్లు నడిపి చూసి, చివరకు రాజమహేంద్రవరంలోని ఒక షోరూములో 13 లక్షల 40 వేలకు ఒకటి కొన్నాను. టెస్ట్ డ్రైవ్ రోజున డిక్కీ లోతు చూద్దామని ఒక అరటి గెల పెడితే, కాడ నుంచి కారి కార్పెట్ మీద మరక పడింది. ఈ మధ్య డిక్కీ కడిగిస్తుంటే అదే మూల, అదే ఆకారంలో మరక కనిపించింది. నేను నడిపి చూసిన కారునే కొత్తదని అంటగట్టారు. డెలివరీ రోజు మీటరులో 612 కిలోమీటర్లు ఉంటే, యార్డు నుంచి రోడ్డు మీద వచ్చిందన్నారు. 22 నెలలైంది. నాన్నగారి కోరిక మీద కొన్న కారు, ఆయన ఇప్పుడు లేరు. కారును షోరూము ముందు వదిలేసి బ్యాంకు వాయిదాలు ఆపేయమని మా బావగారు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో చాలా భాగం ఏ కారు కాలవ గట్టు గతుకుల మీద తక్కువ కుదిపింది, సిద్ధాంతం వంతెన మీద ఏది బాగా లాగింది, ఏది స్పీడ్ బ్రేకరుకు అడుగు తగిలించుకుంది అన్న పోలికకే పోయింది. కొనేముందు అవన్నీ చూడవలసినవే గానీ, ఇప్పుడు మీ కేసు తేలేది ఒక్క ప్రశ్న మీదే: ఆ రోజు మీరు నడిపిన కారు చాసిస్ నంబరు (ప్రతి కారుకూ కంపెనీ విడిగా వేసే గుర్తింపు నంబరు), మీ ఆర్‌సీలో ఉన్న చాసిస్ నంబరు ఒకటేనా, కాదా?

మరక మీద ఆశ పెట్టుకోకండి. అరటి వ్యాపారి కారు డిక్కీలో, అదీ 22 నెలల తర్వాత, అరటి మరక ఉండకపోతేనే వింత అని అవతలి లాయరు ఒక్క వాక్యంలో కొట్టిపారేస్తారు. ఆర్‌సీలో మీరే మొదటి యజమాని అని ఉండటమూ మీకు వ్యతిరేకం కాదు, అనుకూలమూ కాదు. డెమో కారును, అంటే షోరూము టెస్ట్ డ్రైవ్‌లకు వాడే కారును, ట్రేడ్ సర్టిఫికెట్ (రిజిస్ట్రేషన్ కాని కార్లు నడపడానికి డీలరుకిచ్చే అనుమతి) నంబరు మీద తిప్పి ఉంటే, రిజిస్ట్రేషన్ మొదటిసారి మీ పేరు మీదే అవుతుంది. కాబట్టి నిజం షోరూము కాగితాల్లోనే దొరకాలి. టెస్ట్ డ్రైవ్‌కు ముందు మీ లైసెన్సు జిరాక్సు తీసుకుని సంతకం పెట్టించుకున్న ఫారం లేదా రిజిస్టరు, కంపెనీ నుంచి డీలరుకు ఆ కారు వచ్చిన ఇన్వాయిస్ తేదీ, ఆ చాసిస్ నంబరు మీద మీకు అమ్మకముందు జరిగిన సర్వీసు వివరాలు, ఈ మూడూ కావాలి. అడిగితే ఇవ్వరు. అయితే వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 38వ సెక్షన్ కింద పత్రాలు తెప్పించే విషయంలో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు సివిల్ కోర్టు అధికారాలున్నాయి కనుక, ఫిర్యాదుతోపాటే వాటిని తెప్పించమన్న పిటిషను కూడా వేయండి.

మీ చేతిలో ఉన్న గట్టి సాక్ష్యాన్ని మీరు ఉత్తరం చివర యథాలాపంగా రాశారు. డెలివరీ రోజున టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించేటప్పుడు మీ మేనల్లుడు కారు లోపల నుంచి వీడియో తీశాడని, అందులో 612 అంకె కనబడుతుందని, అతను ఆ ఫోనును ఎక్స్ఛేంజిలో ఇచ్చేయబోతున్నాడని! ఇంత అజాగ్రత్త ఏమిటండీ? భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతచేయాలి. వాట్సాప్‌లో పది చేతులు మారిన కాపీ కన్నా అసలు ఫోను, దానిలోని అసలు ఫైలు ఎంతో మేలు. ఇక ఆ 612 కిలోమీటర్ల సంగతి. కారు నిజంగా రోడ్డు మీదే వచ్చి ఉంటే ఏ యార్డు నుంచి, ఏ తేదీన, ఏ నంబరు మీద, ఏ టోల్‌గేట్లు దాటి వచ్చిందో చూపించమని నోటీసులో అడగండి. ఆ జవాబు కాగితం మీద పెట్టడం వారికి కష్టం. డెలివరీ కాగితంలో ‘అన్నీ సరిచూసుకున్నాను’ అన్న చోట చదవకుండా సంతకం చేశారు కనుక, ఆ కాగితాన్ని వారు ముందే బయటికి తీస్తారు. డెమో కారన్న సంగతి దాచిపెట్టి తీసుకున్న సంతకం అది అని మీరు చెప్పుకోవాలి.

డెమో కారును అమ్మడం తప్పు కాదు. డెమో అని చెప్పి, ధర తగ్గించి, బిల్లులో రాసి అమ్మవచ్చు. పాత వస్తువును కొత్తదిగా చూపి అమ్మడాన్ని మాత్రం వినియోగదారుల రక్షణ చట్టంలోని 2(47) సెక్షన్ అనుచిత వ్యాపార పద్ధతి అంటోంది.

అసలు భయం గడువు గురించి. అదే చట్టం 69వ సెక్షన్ ప్రకారం వ్యాజ్య కారణం (కేసు వేయడానికి దారితీసిన సంగతి) పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు దాఖలు కావాలి. మరక చూసిన రోజు నుంచే లెక్క అని వాదించవచ్చు, ఆలస్యాన్ని మన్నించమని అడగనూ వచ్చు. కానీ 612 అంకె డెలివరీ రోజునే మీ కంటపడింది కనుక ఆ వాదన మీద కూర్చోకండి. మీకు రెండు నెలలే ఉందనుకోండి. ‘మేనేజరుగారు వచ్చాక మాట్లాడదాం’ అన్న మాటలతో, 1915 వినియోగదారుల హెల్ప్‌లైనులో చేసిన ఫిర్యాదుతో గడువు ఆగదు.

మీ బావగారి సలహా వినకండి. బ్యాంకుతో మీ ఒప్పందం వేరు, షోరూముతో వేరు. వాయిదా ఆగితే బ్యాంకు కారును స్వాధీనం చేసుకుంటుంది, కారుతోపాటు మీ సాక్ష్యమూ వేలానికి పోతుంది. ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా పోయే వాయిదా డబ్బు లేక తిరిగివస్తే 2007 నాటి చెల్లింపుల చట్టం 25వ సెక్షన్ కింద క్రిమినల్ కేసుకూ ఆస్కారముంది. బాధితుడు కాస్తా ముద్దాయి అవుతారు. అలాగే ఉచిత సర్వీసు కూపన్లు ఇచ్చి ‘ఇకపై ఎలాంటి అభ్యంతరమూ లేదు’ అన్న కాగితం ముందు పెడితే సంతకం చేయకండి.

ఈ వారంలోనే షోరూముకు, తయారీ కంపెనీకి రిజిస్ట్రేషన్‌తో కూడిన స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, 15 రోజులు చూసి, మీరు నివసించే ప్రాంతం మీద అధికారం ఉన్న జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. షోరూము రాజమహేంద్రవరంలో ఉన్నా వినియోగదారుల చట్టం 34వ సెక్షన్ ఆ వెసులుబాటు ఇస్తోంది. మీరు చెల్లించిన ధర 10 లక్షలకు పైన, 20 లక్షల లోపు కనుక ఫీజు 400 రూపాయలు. బిల్లు మీ సొంత పేరున ఉందో, కొట్టు పేరున ఉందో ముందు చూసుకోండి. కొట్టు పేరున ఉంటే వ్యాపారం కోసం కొన్న కారని వారు అడ్డుపడతారు. రెండేళ్లు తిరిగిన కారుకు బదులు కొత్త కారు ఇప్పించడం సులభం కాదు. అందువల్ల మొదట కారు మార్పిడి లేదా ధర వాపసు అడిగి, అది కాకపోతే కొత్త కారు ధరకు, డెమో కారు ధరకు ఉన్న తేడా వడ్డీతో, దానికి తోడు నష్టపరిహారం ఇప్పించమని కోరండి. నోటీసు రాయించుకోవడానికి వచ్చేటప్పుడు ఆర్‌సీ, బిల్లు, డెలివరీ కాగితం, మేనల్లుడి ఫోను తెచ్చుకోండి. ఈలోగా ఆ మరకను మళ్లీ రుద్దించకండి; చాసిస్ నంబర్లు కలిసిన నాడు దానికీ ఒక విలువ వస్తుంది.