అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలపు ఉత్తరాలు చదివేటప్పుడు అందిన తేదీ చూడండి

అమెరికా విప్లవకాలంలో సేనాపతులు, రాయబారులు రాసుకున్న ఉత్తరాలు చదవడం మొదలుపెట్టాననీ, ఒకే నెలలో అమెరికా సేనాపతి వాషింగ్టన్ ఒకటి, ఫ్రాన్స్‌లో అమెరికా రాయబారి ఫ్రాంక్లిన్ ఇంకొకటి రాస్తుంటే ఏది నమ్మాలో తెలియడం లేదనీ మీరు అడిగారు. ఎక్కడ మొదలుపెట్టాలి అని కూడా అడిగారు.

నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాను. రైల్వే మెయిల్ సర్వీసులో సార్టింగ్ చేసి రిటైరయ్యాను. అమ్మాయి వర్జీనియాలో ఉంటుంది. అక్కడికి వెళ్ళినప్పుడు, ఆ యుద్ధంలో ఇంగ్లీషు సైన్యం లొంగిపోయిన యార్క్‌టౌన్ చూశాక ఈ ఉత్తరాల పిచ్చి పట్టుకుంది. కాబట్టి ఇది టపా మనిషి జవాబు అనుకోండి. రాసిన తేదీ ఒక్కటే చూస్తే ఈ ఉత్తరాలు గందరగోళంగానే ఉంటాయి. అందిన తేదీ కూడా పక్కన రాసుకోండి. మా కాలంలో కవరు ముందు బయల్దేరిన ఊరి ముద్ర, వెనక చేరిన ఊరి ముద్ర ఉండేవి. ఫిర్యాదు వస్తే మేం ముందు తిప్పి చూసేది వెనకవైపే.

వాషింగ్టన్, ఫ్రాంక్లిన్ అబద్ధాలేమీ చెప్పడం లేదు. వాళ్ళ మధ్య అట్లాంటిక్ సముద్రం ఉంది, అంతే. సరటోగా దగ్గర ఇంగ్లీషు సేనాని బర్గాయిన్ లొంగిపోయింది 1777 అక్టోబరు 17న. ఆ కబురు పారిస్ పక్కన పాసీలో ఉన్న ఫ్రాంక్లిన్‌కి అందింది డిసెంబరు 4న. అప్పట్లో అది చాలా వేగం. ఆ గెలుపు విన్నాకే ఫ్రాన్స్ ముందుకొచ్చి 1778 ఫిబ్రవరి 6న ఒప్పందం మీద సంతకం పెట్టింది. ఆ కాగితాలు యార్క్ అనే ఊళ్ళో కూర్చున్న అమెరికన్ కాంగ్రెస్‌కి చేరింది మే 2న. అంటే దాదాపు మూడు నెలలు, ఫ్రాన్స్ తమ పక్షాన ఉందని తెలియకుండానే వాషింగ్టన్ వ్యాలీ ఫోర్జ్‌లో చలికి వణుకుతున్న సైన్యాన్ని నెట్టుకొచ్చాడు. ఆ నెలల్లో ఆయన రాసినవాటిలో చాలావరకు తిండి లేదు, బట్టల్లేవు అనే ఉత్తరాలే.

అంతకుముందు ఇంకో ముచ్చట ఉంది. 1777 చివర్లో పారిస్ నుంచి రాయబారులు ఒక ముఖ్యమైన ఉత్తరాల కట్ట ఫోల్జర్ అనే కెప్టెన్ చేతికిచ్చి పంపారు. ఎన్నో నెలలుగా వాళ్ళ దగ్గర్నుంచి కబురు లేక కాంగ్రెస్ కళ్ళు కాయలు కాసేలా చూస్తోంది. 1778 జనవరిలో కట్ట విప్పి చూస్తే లోపల తెల్ల కాగితాలు! హిన్సన్ అనే నావికుడు ఇంగ్లీషు వాళ్ళ దగ్గర డబ్బు తీసుకుని, ఓడ బయల్దేరకముందే అసలు ఉత్తరాలు కాజేసి వీటిని పెట్టాడు. పాపం ఫోల్జర్ కొన్నాళ్ళు జైల్లో కూడా ఉన్నాడు. బ్యాగు సీలు సరిగ్గా ఉండి లోపల సరుకు తేడా రావడం కంటే మా శాఖలో పెద్ద పీడకల లేదు. ఇది చదివిన రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదంటే నమ్మండి.

పాసీలో పరిస్థితి అంతకంటే ఘోరం. రాయబారుల దగ్గర నమ్మకంగా మెలిగిన ఎడ్వర్డ్ బాన్‌క్రాఫ్ట్ ఇంగ్లీషు వాళ్ళ గూఢచారి. కనిపించని సిరాతో రాసి, సీసాలో పెట్టి, పారిస్‌లోని ట్యూలరీ తోటలో చెట్టు తొర్రలోకి దించేవాడు. సుమారు వందేళ్ళ దాకా ఆ సంగతి బయటపడలేదు. తమాషా ఏమిటంటే, రాజు మూడో జార్జ్‌కి ఇతని కబుర్ల మీద పెద్దగా నమ్మకం ఉండేది కాదు. అందిన ఉత్తరాన్ని అవతలివాడు నమ్మాలి కదా!

సముద్రంలో ఓడ మునిగిపోవచ్చు, శత్రువు చేతికి చిక్కవచ్చు. అందుకని ఒకే ఉత్తరానికి మూడు నాలుగు నకళ్ళు తీసి వేర్వేరు ఓడల్లో పంపేవాళ్ళు. మీకు ఒకే ఉత్తరం మళ్ళీ మళ్ళీ కనిపిస్తే కారణం అదే. శత్రువు ఓడ దగ్గరపడితే బరువు కట్టి సముద్రంలో పడెయ్యాలని షరతు. 1780 సెప్టెంబరులో హాలండ్‌కి రాయబారిగా బయల్దేరిన హెన్రీ లారెన్స్ అలాగే సంచీలో ఇనుప గుండ్లు వేసి పడేశాడు. లోపలి గాలికి ఆ బరువు చాలక సంచీ తేలింది. ఇంగ్లీషు నావికులు కొక్కెంతో పైకి లాగారు. అందులో డచ్చివాళ్ళతో అనుకున్న ఒప్పందం చిత్తుప్రతి దొరికింది. లారెన్స్ లండన్ టవర్‌లో ఖైదీ అయ్యాడు. ఆ కాగితాన్ని కారణంగా చూపి డిసెంబరులో బ్రిటన్ హాలండ్ మీద యుద్ధం ప్రకటించింది. దాని సెగ మన తీరం దాకా వచ్చింది. 1781లో డచ్చివాళ్ళ నాగపట్నం, కాకినాడ దగ్గరి జగన్నాథపురం ఇంగ్లీషు వాళ్ళ వశమయ్యాయి. కడలూరు సంగతి మరీ విచిత్రం. ఫ్రాన్స్, బ్రిటన్ 1783 జనవరి 20నే సంధికి ఒప్పుకున్నాయి. ఆ కబురు జూన్ నెలాఖరుకి గానీ ఇక్కడికి రాలేదు. ఈలోగా, బొబ్బిలి యుద్ధంతో మనకు తెలిసిన ఫ్రెంచి సేనాని బుస్సీయే వయసుమళ్ళిన దశలో కడలూరులో ఇంగ్లీషు వాళ్ళతో పోరాడాడు. సముద్రం మీద జూన్ 20న ఫ్రెంచి నౌకాధిపతి సఫ్రెన్ యుద్ధం చేశాడు. అప్పటికి సంధి జరిగి ఐదు నెలలు.

ఇక యార్క్‌టౌన్. రెండు తేదీలూ పెట్టుకుని చదవడం ఎందుకో మీకు ఇక్కడ బాగా అర్థమవుతుంది. 1781 మేలో వాషింగ్టన్, ఫ్రెంచి సేనాపతి రోషాంబో వెథర్స్‌ఫీల్డ్‌లో కలిశారు. వాషింగ్టన్‌కి మనసంతా న్యూయార్కు మీదే. మే 31న తన సేనాని లఫాయెత్‌కి ఆ సంగతే రాస్తే, ఉత్తరం దారిలో ఇంగ్లీషు వాళ్ళకి దొరికింది. న్యూయార్కులో ఉన్న ఇంగ్లీషు సర్వసేనాని సర్ హెన్రీ క్లింటన్‌కి టెన్షన్ పట్టుకుంది. వర్జీనియాలో ఉన్న తన కింది సేనాని కార్న్‌వాలిస్‌ని సైన్యం పంపమన్నాడు. ఫిలడెల్ఫియా వైపు పంపమని ఒకసారి, న్యూయార్కుకే పంపమని ఒకసారి రాశాడు. చివరికి ఎవర్నీ పంపొద్దు, పెద్ద ఓడలు నిలిచే రేవు చూసుకుని కోట కట్టుకో అన్నాడు. ఒక ఉత్తరం ప్రకారం సైనికులు ఓడ ఎక్కుతుంటే, దాన్ని రద్దు చేసే ఉత్తరం వచ్చేది. అలా చివరికి కార్న్‌వాలిస్ ఎంచుకున్న రేవే యార్క్‌టౌన్.

అదే సమయంలో రోషాంబో వెస్టిండీస్‌లో ఉన్న ఫ్రెంచి నౌకాధిపతి డి గ్రాస్‌కి, వర్జీనియా పక్కనున్న చెసపీక్ అఖాతానికి వస్తేనే మేలని తన అభిప్రాయం విడిగా రాశాడు. డి గ్రాస్ జవాబు రాసింది జులై 28న. వాషింగ్టన్ చేతికి అందింది ఆగస్టు 14న. 25 నుంచి 29 యుద్ధనౌకలు, 3,200 మంది సైనికులు, చెసపీక్‌కే వస్తున్నాను, అక్టోబరు మధ్య దాకా మాత్రమే ఉంటాను అని దాని సారాంశం. అంతే, వాషింగ్టన్ న్యూయార్కు ఆశ వదిలేసి దక్షిణానికి కదిలాడు. క్లింటన్ దగ్గరున్న ఆ మే 31 నాటి ఉత్తరం అప్పటికి చెల్లని నోటు. అయినా ఆయన దాన్నే పట్టుకుని కూర్చున్నాడు. ఫ్రెంచివాళ్ళు న్యూజెర్సీలోని చాటమ్‌లో రొట్టెల బట్టీలు కట్టి ఆ నమ్మకాన్ని ఇంకాస్త పెంచారు. సెప్టెంబరు మొదటివారానికి గానీ క్లింటన్‌కి తెలిసిరాలేదు.

ఆ తర్వాత వచ్చిన ఉత్తరమే కార్న్‌వాలిస్‌ని ముంచిందని నా అభిప్రాయం. 5,000 మందికి పైగా సైన్యంతో అక్టోబరు 5 ప్రాంతంలో ఓడలు బయల్దేరతాయని క్లింటన్ సెప్టెంబరు 24న రాశాడు. 29న అది అందగానే, సాయం వస్తుందన్న ధీమాతో కార్న్‌వాలిస్ ఆ రాత్రే బయటి మోర్చాలు ఖాళీ చేసి ఊళ్ళోకి వచ్చేశాడు. పొద్దున్నే ఫ్రెంచి, అమెరికన్ సైనికులు వాటిలోకి నడిచి వచ్చారు. ఓడలు నిజంగా బయల్దేరింది అక్టోబరు 19న. కార్న్‌వాలిస్ లొంగిపోయింది కూడా సరిగ్గా ఆ రోజే! తర్వాత 1783లో ఇద్దరూ తమ ఉత్తరాలు అచ్చు వేయించి, తప్పు నీదంటే నీదని వాదించుకున్నారు. తేదీలు చూస్తే ఇద్దరి మాటల్లోనూ కొంత నిజముంది. నా ఓటు మాత్రం కార్న్‌వాలిస్ వైపే. మాట ఇచ్చి వేళకి ఓడ పంపనివాడిదే పెద్ద తప్పు.

మొదలుపెట్టేందుకు అమెరికా జాతీయ అభిలేఖాగారం వారి ఫౌండర్స్ ఆన్‌లైన్ చాలు. ఉచితం, తేదీని బట్టి వెతకొచ్చు. 1781 మే నుంచి అక్టోబరు దాకా వాషింగ్టన్ ఉత్తరాలు వరుసగా చదవండి. ఒక సంగతి గమనించండి. వాషింగ్టన్‌కి ఫ్రెంచి రాదు, రోషాంబోకి ఇంగ్లీషు రాదు. మధ్యలో టిల్గ్‌మన్ లాంటి సహాయకులు అనువాదాలు చేసేవాళ్ళు. వాషింగ్టన్ సంతకంతో వెళ్ళిన ఉత్తరాల్లో చాలావాటి చేతిరాత కూడా వాళ్ళదే. ఇంగ్లీషు పక్షం కావాలంటే క్లింటన్ కాగితాలు మిషిగన్ విశ్వవిద్యాలయంలోని క్లెమెంట్స్ లైబ్రరీలో ఉన్నాయి. సంకేత లిపి ఉత్తరాలు మొదట్లో వదిలెయ్యండి. కాంగ్రెస్‌లో లవెల్ అనే ఆయన తయారుచేసిన సంకేతాన్ని విప్పలేక జాన్ ఆడమ్స్ అంతటివాడే తల పట్టుకున్నాడు.

ఫ్రాంక్లిన్‌వి ఆ తర్వాత చదవండి. సగం అప్పుల గోలే ఉంటుంది గానీ, 1782 డిసెంబరు 17న ఫ్రెంచి విదేశాంగ మంత్రి వెర్జెన్‌కి రాసింది మాత్రం వదలొద్దు. ఫ్రాన్స్‌కి చెప్పకుండా బ్రిటన్‌తో ప్రాథమిక సంధి సంతకం చేసుకున్నందుకు వెర్జెన్ మండిపడితే ఇచ్చిన జవాబు అది. మర్యాదలో చిన్న లోపం జరిగిందని ఒప్పుకుంటాడు. మనల్ని విడదీశామని ఇంగ్లీషు వాళ్ళు సంబరపడుతున్నారు, ఈ మనస్పర్థ బయటికి పొక్కనివ్వకండి అంటాడు. అడిగిన అప్పు సంగతీ అందులోనే. వెర్జెన్ ఇచ్చాడు కూడా! మొదటి విడత 6 లక్షల లీవ్రులు (అప్పటి ఫ్రెంచి డబ్బు), సంధి పత్రంతో పాటు జనరల్ వాషింగ్టన్ అనే ఓడలో 1783 మార్చిలో ఫిలడెల్ఫియా చేరాయి. ఆ ఓడ అంతకుముందు ఇంగ్లీషు వాళ్ళది. దాన్ని పట్టుకున్న అమెరికన్ ఓడ పేరు హైదర్ అలీ. అవును, మన మైసూరు హైదర్ అలీ పేరే.