ఒక్క పూట ఆగితే కోడి ఎగిరిపోదు

(తిరుపతి బస్టాండు దగ్గర పాతికేళ్ళు భోజనం మెస్సు నడిపిన అక్కయ్య, తిండి గురించి పాఠకులు అడిగే ప్రశ్నలకు ఈ శీర్షికలో జవాబులిస్తారు.)

ప్రశ్న: అక్కయ్యా, నమస్తే. వచ్చే నెల తిరుపతికి వస్తున్నాం. మొదటి రోజు పొద్దున చంద్రగిరి కోట, మర్నాడు తెల్లవారుజామున కొండమీద దర్శనం. మొత్తం ఆరుగురం. మా అత్తగారు దర్శనం అయ్యేదాకా నీచు ముట్టరు, నీచు వండే హోటల్లో అడుగు కూడా పెట్టరు. మా ఆయనకేమో సీమకు వచ్చి నాటుకోడి, రాగి సంగటి తినకపోతే వచ్చినట్టే కాదు. పిల్లలకు తొమ్మిదేళ్ళు, అయిదేళ్ళు, కారం ఓర్వలేరు. మా మరిదికి పనీరు, నాన్ లేనిదే ముద్ద దిగదు. కోట దిగేసరికి ఒంటిగంటన్నర అవుతుందనుకుంటున్నాం. అందరినీ ఒకచోట కూర్చోబెట్టే దారి చెప్పండి.
– ఒక కోడలు, ఖమ్మం

జవాబు: దారి ఉందమ్మా. ముందు ఆ ఒంటిగంటన్నర మార్చండి, సగం చిక్కు అక్కడే విడిపోతుంది. చంద్రగిరి ఇక్కడికి పదిహేను కిలోమీటర్లలోపే. పొద్దున తొమ్మిదికల్లా కోట గేటు దగ్గర ఉండండి. శుక్రవారం మాత్రం వద్దు, రాజమహల్లోని మ్యూజియం ఆ రోజు మూసేస్తారు. ఎండ ముదరకముందే బయట తిరగాల్సిందంతా తిరిగి, తర్వాత మహల్లోకి వెళ్ళండి. మూడంతస్తుల మేడ, రాయి, ఇటుక, సున్నంతో కట్టారు, కట్టె అన్నది వాడలేదు. బయట బండ కాలుతున్నా లోపల నేల చల్లగా ఉంటుంది. మా మనవడైతే అక్కడే బాసింపట్టు వేసుక్కూచున్నాడు, లేపడానికి చెయ్యి పట్టి లాగాల్సొచ్చింది.

పిల్లలకు అక్కడే నాలుగు మాటలు చెప్పండి. 1565లో తళ్ళికోట దెబ్బ తర్వాత విజయనగరం రాజులు పెనుకొండకు, అక్కణ్ణుంచి చంద్రగిరికి వచ్చారు. 1639లో ఇంగ్లీషువాళ్ళకు చెన్నపట్నం నేల దక్కింది కూడా చంద్రగిరి రాజుల ఏలుబడిలోనే. మద్రాసుకు అమ్మమ్మగారి ఊరు చంద్రగిరి అనేవాడు మా నాయన. పదకొండున్నరకు బయటపడితే పన్నెండుంబావుకు తిరుపతిలో ఆకు ముందు ఉంటారు.

ఆ పన్నెండుంబావు ఎందుకంటే, మెస్సు నడిపినదాన్ని కాబట్టి నాకు తెలుసు. పన్నెండుకు పప్పు దిగుతుంది. వేపుడు ఇంకా కరకరలాడుతుంటుంది. రసం మొదటి పొంగులో ఉంటుంది, ఆ కొత్తిమీర వాసన వీధిలోకి వస్తుంది. అదే రెండున్నరకు వచ్చారనుకోండి, సాంబారులో వేడినీళ్ళు కలిసుంటాయి. నేనూ కలిపాను, దాచడమెందుకు? లోపల పాత్ర అడుగంటుతుంటే వాకిట్లో ముప్పైమంది కూపన్లు పట్టుకుని నిలబడేవాళ్ళు.

కాబట్టి మొదటి రోజు మధ్యాహ్నం శాకాహార భోజనం హోటలే. బోర్డు మీద ఉన్నా సరే, కౌంటర్లో ఒక మాట అడగండి, ‘ఇక్కడ నీచు వండరు కదా’ అని. మీ అత్తగారి చెవిన పడేట్టు అడగండి, ఆమె నిశ్చింతగా కూర్చుంటారు. పెద్దవాళ్ళు నలుగురికీ ఫుల్ మీల్స్ తీసుకోండి. పిల్లలకు ఇద్దరికీ కలిపి ఒకటి చాలు. కానీ ఒక ఆకులో ఇద్దరు తినకూడదనే హోటళ్ళున్నాయి, కూర్చోకముందే కనుక్కోండి. పిల్లల ఆకులో మొదట పప్పు, నెయ్యి, అప్పడం. సాంబారు దగ్గర చెయ్యి అడ్డం పెట్టి నేరుగా పెరుగుకు దాటించండి.

మా ఊరి భోజనం మీకు కాస్త కొత్తగా ఉంటుంది. పప్పు, పొడి, నెయ్యి మన తెలుగు వరస. కూటు, పొరియల్, రసం ఆర్కాటు వైపు వరస. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఈ నేలలో చాలాభాగం ఉత్తర ఆర్కాటులో ఉండేది మరి. కలెక్టరు మారినంత తొందరగా సాంబారు మారదు. వడ్డించే అబ్బాయి కూటు తెస్తే ‘ఇదేం కూర’ అని వెనక్కి పంపకండి. పెసరపప్పు, కొబ్బరి వేసి కారం తగ్గించి చేస్తారు, పిల్లలు తినే కూర అదొక్కటే ఉంటుంది.

మీ మరిది సంగతి. నాకు జరిగిందే చెప్తా. కొన్నేళ్ళ కిందట మా చెల్లెలు వాళ్ళు హైదరాబాదు నుంచి వస్తే కోట చూపించడానికి తీసుకెళ్ళాను. తిరిగి వచ్చేటప్పుడు మూడు దాటింది. దారిలో ఒక హోటల్లో ఆగాం. మెనూ కార్డు నాలుగు పేజీలు, చైనీసు నుంచి తందూరీ దాకా లేనిది లేదు. మా మరిదిగారు పనీర్ బటర్ మసాలా, నాన్, మంచూరియా చెప్పారు. యాభై నిమిషాలు కూర్చున్నాం. తందూరు రాజెయ్యలేదట. నాన్ పెనం మీద కాల్చి తెచ్చారు, లాగితే సాగింది గానీ తెగలేదు. మూడు గిన్నెల్లో మూడు పేర్ల కూరలు, మూడింట్లోనూ ఒకే ఎర్ర గ్రేవీ. నేనైతే తల దించుకుని తిన్నా. నా వృత్తే అది కదా, నేనే తీసుకెళ్ళాను కదా! అదే సమయంలో పక్క బల్ల మీద లారీ డ్రైవరు ఒకాయన పప్పన్నం, ఊరగాయ, మజ్జిగ పది నిమిషాల్లో కానిచ్చి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. ఆ వంటింట్లో ఆ పూట నిజంగా వండింది ఆయన తిన్నదే. మేం తిన్నవి కార్డు మీద ఉన్నాయి కాబట్టి తయారుచేశారు.

అందుకని కొత్త ఊళ్ళో కార్డు తెరిచేముందు చుట్టూ నాలుగు బల్లలు చూడండి. మీ మరిది నాన్ రాత్రికి పెట్టుకోండి. తందూరు చీకటిపడ్డాక రాజేస్తారు, అప్పుడు తింటే ఆ రుచి వేరు. శాకాహారంలోనే నాన్ వేసే హోటళ్ళు ఇక్కడ బోలెడు. మర్నాడు దర్శనం కాబట్టి రాత్రి తేలిగ్గా తినమని మాత్రం చెప్పండి, వరసలో ఎంతసేపు నిలబడాలో ఆ స్వామికే ఎరుక.

ఇక మీ ఆయన. ఆయన్ని ఒక్క పూట ఆగమనండి, కోడి ఎక్కడికీ ఎగిరిపోదు. దర్శనం అయ్యాక కొండమీద తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో అందరూ కలిసి తినండి. 1985 నుంచి జరుగుతున్న అన్నదానం, మీ అత్తగారికి అంతకన్నా తృప్తి ఏ హోటల్లోనూ దొరకదు. కిందికి దిగాక ఆమెనూ పిల్లల్నీ గదిలో పడుకోబెట్టి, అన్నదమ్ములిద్దర్నీ రాత్రికి సంగటి హోటలుకు పంపండి. దర్శనం అయిన రోజు కూడా నీచు ముట్టని ఇళ్ళున్నాయి, ఆ ముక్క మీ అత్తగారినే అడగండి. నేను చెప్పానని అనకండి.

నాటుకోడి అని చెప్పి ఫారం కోడి పెట్టేవాళ్ళున్నారు. నాటుకోడిని పసుపు రాసి మంట మీద కాలుస్తారు, తోలుతోనే కోస్తారు. ముక్క మీద ఆ తోలు, కాలిన వాసన ఉండాలి. ఎముక సన్నగా, గట్టిగా ఉంటుంది, మాంసం పళ్ళతో పీకితేగానీ రాదు. ముట్టుకోగానే ఎముక నుంచి జారిపోయిందంటే పేరు ఏదైనా కోడి మాత్రం అది కాదు.

ప్రశ్న: హోటల్ బిల్లులో సర్వీస్ చార్జీ 10 శాతం, జీఎస్టీ 5 శాతం వేశారు. రెండూ కట్టాల్సిందేనా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: సర్వీస్ చార్జీ కట్టక్కర్లేదు. హోటలువాళ్ళు దాన్ని తమంతట తాము బిల్లులో కలపకూడదని 2022 జులైలోనే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ మాటే సరైనదంది. తీసెయ్యమని నెమ్మదిగా అడగండి, వినకపోతే 1915కు ఫోను చేయండి. వడ్డించిన పిల్లవాడికి ఏమైనా ఇవ్వాలనిపిస్తే అతని చేతిలోనే పెట్టండి.

జీఎస్టీ సంగతి వేరు, మామూలు రెస్టారెంటు 5 శాతం వేయొచ్చు. బిల్లు మీద వాళ్ళ జీఎస్టీ నంబరు ఉందో లేదో చూడండి. మాలాంటి చిన్న మెస్సులు కాంపోజిషన్ అనే చిన్న వ్యాపారుల పన్ను పద్ధతి కింద ఉండేవి, అంటే పన్ను మా జేబులోంచి కట్టాలి, తినేవాళ్ళ దగ్గర పైసా వసూలు చేయకూడదు. అలాంటి చోట జీఎస్టీ అని రాసి తీసుకుంటే అది తప్పే.

ప్రశ్న: అక్కా, నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. పోయిన నెల తిరుపతి వచ్చినప్పుడు మొదటిసారి రాగి సంగటి తిన్నా. గొంతుకు అడ్డం పడింది, మధ్యలో పచ్చిపిండి వాసన. మీ వాళ్ళు ఇంతగా పొగిడేది దీన్నేనా?
– ఒక కుర్రాడు

జవాబు: నాయనా, నువ్వు తిన్నది ఉడకని పిండి. ఆ హోటలువాడి తొందరకు సంగటిని తిట్టకు.

మా ఇంట్లో గ్లాసు బియ్యానికి గ్లాసు రాగిపిండి, అయిదు గ్లాసుల నీళ్ళు. నూకలైతే ఇంకా మేలు. బియ్యం ముందు మెత్తగా, గంజి ఇంకకుండా ఉడకాలి. అప్పుడు పిండిని పైన కుప్పగా పోసి, కట్టెతో నడిమధ్య ఒక బొక్క పెట్టి, మూతవేసి సన్నమంట మీద పది నిమిషాలు ముట్టుకోకుండా వదిలెయ్యాలి. ఆ బొక్కలోంచి గంజి బుడబుడమని పైకి తన్నుతూ పిండిని ఉడికిస్తుంది. తర్వాత గిన్నెను కాళ్ళతో అదిమిపట్టి, రెండు చేతులతో కట్టె పట్టి కెలకాలి. మా అత్త కెలుకుతుంటే గాజులు మోచేతి దాకా ఎగబాకేవి. తడివేలితో తాకితే అంటుకోకూడదు, అంటుకుంటే ఇంకా ఉడకాలి. హోటళ్ళలో కొందరు ఆ పది నిమిషాలు ఆగరు, నీ గొంతులో పడింది ఆ పది నిమిషాలే.

ఇంకో మాట, నువ్వు దాన్ని నమిలి ఉంటావు. నమిలితే పళ్ళకు అతుక్కుంటుంది. వేళ్ళు తడుపుకుని నిమ్మకాయంత గిల్లి, పులుసులో దొర్లించి మింగెయ్యాలి. తోడుకు కోడి పులుసే అక్కర్లేదు, ఊరిబిండి అడుగు. వేయించిన చెనక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ వేసి బరకగా నూరతారు, చివర్లో పచ్చి ఎర్రగడ్డ వేసి ఒక్క దంపు. దాన్లో నెయ్యి వేసుకుని తిని, మళ్ళీ జాబు రాయి.

ప్రశ్న: మా కాలేజీ పిల్లల్ని గుడిమల్లం తీసుకెళ్తున్నాను. నలభై మంది. గుడి చూశాక దగ్గరలో మంచి హోటలు చెప్పగలరా?
– ఒక చరిత్ర అధ్యాపకురాలు, మదనపల్లె

జవాబు: మేడమ్, అది ఏర్పేడు వైపున్న పల్లెటూరు. నలభై మందికి వేడివేడిగా వడ్డించే హోటలును నమ్ముకుని వెళ్ళకండి. అయిదడుగుల లింగం, దానిమీద వేటగాడిలా నిలబడ్డ శివుడు, క్రీస్తుకు ముందుదంటారు. ఏనుగు వీపులాంటి గర్భగుడి. ఇవన్నీ మీరు పిల్లలకు నాకంటే బాగా చెప్తారు. అన్నం సంగతి నాకు వదలండి.

పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళండి. పులిహోరకు ఇబ్బంది లేదు, ముందురోజు రాత్రి గొజ్జు చేసి పొద్దున కలిపితే చాలు. పెరుగన్నమే మధ్యాహ్నానికి పులిసి పిల్లల మొహాలు మారుస్తుంది. అన్నమంతా పెరుగుతోనే కలపకండి. అన్నం మామూలుకంటే మెత్తగా వండి, వేడిగా ఉండగానే గరిటెతో మెదిపి, కాచిన పాలు పోయండి, గరిటె జారేటంత పలచగా. పూర్తిగా చల్లారాక కిలో బియ్యం అన్నానికి రెండు గరిటెలు కమ్మటి పెరుగు వేసి కలపండి. ఉప్పు అప్పుడే వేయాలి, ముందు వేస్తే పాలు విరుగుతాయి. ఆవాలు, అల్లం, పచ్చిమిరప, కరివేపాకు తాలింపు. పొద్దున ఏడుకు కడితే ఒంటిగంటకు సరిగ్గా తోడుకుని ఉంటుంది.

మంటకు వాడ్చిన అరిటాకుల్లో కట్టండి, పచ్చి ఆకు మడిస్తే చిరుగుతుంది. పొయ్యి మీద ఒక్కసారి అటూ ఇటూ చూపిస్తే మెత్తబడుతుంది. మామిడి ఊరగాయ విడిగా డబ్బాలో తీసుకెళ్ళండి. పెరుగన్నంలోనే పెట్టి కడితే మీరు పొట్లాలు విప్పేసరికి నలభైకి నలభై ఎర్రగా ఉంటాయి.