పక్కింటి హాట్ టబ్, మా ఇంట్లో గొడవ

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో, మిల్టన్ కీన్స్‌లో ఉంటాం. కష్టపడి సెమీ డిటాచ్డ్ ఇల్లు (పక్కింటితో ఒక గోడ కలిసి ఉండేది) కొనుక్కున్నాం. మావారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నాది ఆస్పత్రి ఫార్మసీలో. రెండేళ్ల బాబు ఉన్నాడు. ఈ ఏప్రిల్‌లో పక్కింటివాళ్లు పెరట్లో డెక్కింగ్ (చెక్క పలకల అరుగు) మీద గాలి నింపే హాట్ టబ్ (కూర్చోవడానికి వేడి నీళ్ల తొట్టి) పెట్టారు. సరిగ్గా మా పడకగది కిటికీ కింద. రాత్రంతా మోటారు గుయ్‌మంటూనే ఉంటుంది. శుక్ర, శనివారాలు స్నేహితులొస్తారు. పాటలు, కేకలు, నవ్వులు ఒంటిగంట దాకా. నేను పొద్దున అయిదున్నరకు లేవాలి. ఒక రాత్రి ఓపిక నశించి కిటికీ తీసి గట్టిగా అరిచేశాను. మర్నాడు మావారు నాకు చెప్పకుండా పక్కింటాయనకు ‘మా ఆవిడ బాగా అలసిపోయి ఉంది, ఏమీ అనుకోకండి, మాకేం ఇబ్బంది లేదు’ అని మెసేజ్ పెట్టారు. ఆయన ఫోన్‌లో అది చూశాక నాకు ఏడుపొచ్చింది. అడిగితే, ‘పరాయి దేశం, ఇంకా ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) రాలేదు, వీళ్లతో తగువెందుకు’ అంటారు. ఆరు నెలలకని వచ్చిన అత్తయ్య, ‘ఆ బట్టలేంటి, ఆ తాగుడేంటి’ అంటూ పెరట్లోకి రావడమే మానేశారు. కౌన్సిల్‌కు (ఇక్కడి స్థానిక పాలక సంస్థకు) ఫిర్యాదు చెయ్యనా? లేక ఇల్లు అమ్మేసి వెళ్లిపోదామా?

జవాబు: ఇల్లు అమ్మే మాట ఇప్పుడు ఎత్తకండమ్మా. మోటారు శబ్దానికి ఇల్లు అమ్ముకునేంత దూరం ఇంకా రాలేదు.

మీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. పక్కింటి గోల గురించి ఎంత రాశారో, ఆ మెసేజ్ గురించీ అంతే బాధగా రాశారు. నిద్ర లేక ఒళ్లు అలసింది. కానీ మనసు విరిగింది ‘మాకేం ఇబ్బంది లేదు’ అన్న మాటకి. మీ పక్కన నిలబడాల్సిన మనిషి మీ వెనకాల మీ తరఫున క్షమాపణ చెప్పాడు. పైగా ఆ మెసేజ్ వల్ల ఇంకో చిక్కు వచ్చింది. పక్కింటాయన దృష్టిలో ఇప్పుడు సమస్య టబ్బు కాదు, మీ కోపం. ఇంటాయనే ఇబ్బంది లేదన్నాక వాళ్లు ఎందుకు తగ్గిస్తారు? కాబట్టి పక్కింటి తలుపు తట్టే ముందు మీరిద్దరూ ఒక మాట మీదకు రావాలి. అది కాకుండా ఏం చేసినా ఉపయోగం ఉండదు.

మీవారిని పిరికివాడని అనుకోకండి. ఆయన భయానికి ఒక పేరుంది, అదే ఐఎల్ఆర్. చాలా తెలుగు ఇళ్లలో ఇదే భయం చూస్తుంటాను. వీసా మీద ఉన్నన్నాళ్లూ ఎవరితోనూ మాట పడకూడదు, పోలీసు, కౌన్సిల్ అన్న మాటే వినపడకూడదు అనుకుంటారు. శబ్దం గురించి కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసినవాళ్ల వీసాకూ ఆ ఫిర్యాదుకూ సంబంధం లేదని ఆయనకు స్పష్టంగా చెప్పండి. అది చూసేది కౌన్సిల్‌లోని పర్యావరణ ఆరోగ్య విభాగం. అక్కడ పరిశీలించేది శబ్దాన్ని, మీ పాస్‌పోర్టును కాదు.

ఆయనతో ఎప్పుడు మాట్లాడతారన్నది కూడా ముఖ్యమే. రాత్రి పన్నెండుకు మోటారు మోగుతుండగా ‘వింటున్నారా, ఇప్పుడైనా తెలిసిందా’ అంటే అది గొడవే అవుతుంది. ఆదివారం మధ్యాహ్నం బాబు పడుకున్నాక, అత్తయ్య గారు ఆ గదిలో లేనప్పుడు కూర్చోండి. ‘టబ్బు సంగతి తర్వాత. ఆ మెసేజ్ చూసినప్పుడు నేను ఒంటరినైపోయాననిపించింది’ అని ముందు అది చెప్పండి. కిటికీలోంచి అరవడం మీ పద్ధతి కాదని మీకూ తెలుసు, ఆ ముక్కా చెప్పండి. తర్వాత ఆయన నుంచి అడగాల్సింది ఒక్కటే: పక్కింటికి ఈసారి ఇద్దరూ కలిసి వెళ్లడం. మాట్లాడేది మీరైనా ఆయన పక్కన ఉండాలి. ఆ మెసేజ్‌ను సరిదిద్దే పని మాత్రం ఆయనదే. ‘అప్పుడు మొహమాటపడి అలా రాశాను, నిజానికి మాకు నిద్ర పట్టడం లేదు’ అని ఆయన నోటితో అంటేనే దానికి విలువ.

ఇక శబ్దం సంగతి. మీరు ‘గోల’ అని ఒక్క మాటలో రాశారు గానీ అక్కడ ఉన్నవి రెండు వేర్వేరు సమస్యలు. ఒకటి రోజూ రాత్రి మోగే మోటారు. రెండోది వారాంతాల్లో మనుషుల హడావుడి. ఈ రెంటినీ కలిపి అడిగితే అవతలివాళ్లకు ‘మీరు సంతోషంగా ఉండటం మాకు నచ్చలేదు’ అన్నట్టు వినిపిస్తుంది. విడదీసి అడగండి. మోటారు విషయంలో వాళ్లు సులువుగా ఒప్పుకుంటారు, ఎందుకంటే అది వాళ్ల సరదాకు అడ్డం కాదు. బహుశా రాత్రి అది మోగుతోందన్న సంగతే వాళ్లకు తెలిసి ఉండదు. వాళ్ల పడకగది ముందువైపు ఉంటే వాళ్లకేం వినపడుతుంది?

అది ఎందుకు మోగుతుందో తెలుసుకుంటే అడగడం తేలిక. గాలి నింపే టబ్బులకు హీటరు, ఫిల్టరు పంపు, బుడగలకు గాలి కొట్టే బ్లోయరు సాధారణంగా బయట ఒక పెట్టెలో ఉంటాయి. బుడగలు మనుషులు కూర్చున్నప్పుడే. రాత్రంతా మీరు వినేది ఎక్కువగా హీటరుతో పాటు తిరిగే పంపు. ఈ టబ్బులను 40 డిగ్రీల దాకా వేడి చేసుకుంటారు. రాత్రి చలికి నీళ్లు చల్లారిపోతుంటే హీటరు మళ్లీ మళ్లీ ఆన్ అవుతుంది. మూత వదులుగా ఉన్నా, అసలు వెయ్యకపోయినా ఇంకా ఎక్కువ. ఇంకో కారణం ఉండొచ్చు. ఎకానమీ 7 లాంటి టారిఫ్‌లలో రాత్రి ఏడు గంటలు కరెంటు చవక. డబ్బు ఆదా అవుతుందని కొందరు కావాలనే హీటింగ్‌ను అర్ధరాత్రికి పెట్టుకుంటారు. పక్కింట్లోనూ అదే జరుగుతుంటే, మీరు అడిగేది వాళ్ల బిల్లు పెంచే పని. అందుకే కాస్త మెత్తగా అడగాలి. ఇక డెక్కింగ్ సంగతి సరేసరి, కింద ఖాళీ ఉన్న చెక్కల మీద పంపు పెడితే డోలు మీద పెట్టినట్టే.

వాళ్లను ‘శబ్దం తగ్గించండి’ అని మాత్రం అడగకండి. ఎంత తగ్గించాలో, ఎలా తగ్గించాలో ఎవరికి తెలుసు? రాత్రి 11 నుంచి పొద్దున 7 వరకు హీటరు, ఫిల్టరు ఆగేలా టైమర్ పెట్టగలరా అని అడగండి. చాలా మోడళ్లలో ఆ సదుపాయం ఉంటుంది. ఇలాంటి టబ్బులు గంటకు ఒకటి రెండు డిగ్రీల చొప్పునే వేడెక్కుతాయి కాబట్టి సాయంత్రానికి వేడి నీళ్లు కావాలంటే మధ్యాహ్నమే మొదలుపెట్టాలి. మూత గట్టిగా బిగిస్తే రాత్రి చల్లారేది కూడా తగ్గుతుంది. పంపు కింద అదురును పీల్చే మందపాటి రబ్బరు మ్యాట్ వెయ్యమనండి, వీలైతే పంపును డెక్కింగ్ మీద నుంచి రాతి పలకల మీదకు మార్చమనండి. మ్యాట్ మేమే కొనిస్తాం అంటే పని ఇంకా త్వరగా అవుతుంది. ‘వాళ్ల టబ్బుకు మనం డబ్బు పెట్టడమేంటి’ అని అత్తయ్య గారు అనొచ్చు. ఆవిడ అన్నది న్యాయమే. కానీ మీకు కావాల్సింది న్యాయం కంటే ముందు నిద్ర.

వెళ్లేటప్పుడు మంగళవారమో బుధవారమో సాయంత్రం వెళ్లండి. పార్టీ మధ్యలో, నాలుగు గ్లాసులు పడ్డాక, స్నేహితుల ముందు చెబితే ఎవరికైనా పౌరుషం వస్తుంది. ఒకసారి మీ పడకగదికి రమ్మని పిలిచి, కిటికీ దగ్గర నిలబెట్టి వినిపించగలిగితే ఇంకేం అక్కర్లేదు. చాలామంది అక్కడే ‘అయ్యో, సారీ’ అంటారు. వారాంతాల విషయంలో మాత్రం బేరం ఉండాలి. జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురు ఉండే దేశం అది. వాళ్లకు ఎండ దొరికేదే కొన్ని నెలలు. పదకొండు తర్వాత పాటలు ఆపి, మాటలు తగ్గించి, పుట్టినరోజులాంటివి ఉంటే ముందుగా చెబితే చాలని అడగండి. అసలు పెరట్లోకే రావద్దనే హక్కు ఎవరికీ లేదు.

వాళ్లు ఎదురు చెప్పేవి కూడా ఉంటాయి. మీ ఇళ్లకు మధ్య గోడ ఒకటే. పొద్దున అయిదున్నరకు మీరు వేసే మిక్సీ, వ్రతానికో పుట్టినరోజుకో వచ్చే ముప్పై మంది, వీధి నిండా కార్లు వాళ్ల లెక్కలో ఉంటాయి. దీపావళి రాత్రి ఒంటిగంట వరకు బాణసంచా కాల్చుకోవడానికి అక్కడి చట్టం ఒప్పుకుంటుంది. మామూలు రోజుల్లో అయితే పదకొండుకే ఆపాలి. ‘మా వైపు నుంచి మీకు ఏదైనా ఇబ్బంది ఉంటే చెప్పండి’ అని మీరే ముందు అడిగితే మాట మెత్తబడుతుంది.

వాళ్లు ఒప్పుకుని కూడా రెండు వారాల్లో మళ్లీ మొదటికి వస్తే, అప్పుడు కౌన్సిల్. అప్పటివరకు చేతులు కట్టుకు కూర్చోమని కాదు. ఈ రోజు నుంచే ఒక పుస్తకంలో తేదీ, ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి ఆగింది, ఏ శబ్దం, మీరు ఏ గదిలో ఉన్నారు, నిద్ర ఎలా చెడింది అన్నది రాసుకోండి. కౌన్సిల్‌వాళ్లు మొదట అడిగేది అదే. ‘రోజూ నరకం’ అని రాస్తే పనికిరాదు. ‘శనివారం రాత్రి 11:40 నుంచి 1:05 దాకా పాటలు, కిటికీలు మూసినా మాటలు అర్థమవుతున్నాయి’ అని రాయండి.

1990 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం ప్రకారం ఇలాంటి ఫిర్యాదు వస్తే కౌన్సిల్ విచారించాల్సిందే. అయితే హాట్ టబ్ పెట్టుకోవడం తప్పు కాదు. శబ్దం ఇంత దాటితే చాలు న్యూసెన్స్ అని ఆ చట్టంలో గీత లేదు. ఏ వేళ, ఎంతసేపు, ఎన్నిసార్లు, మామూలు మనిషికి అది భరించరానిదేనా అని అధికారి తూకం వేస్తారు. మీరు అయిదున్నరకు లేవాలన్నది మీకు పెద్ద విషయం, ఆ తూకంలో దానికి విలువ తక్కువ. అందుకే రాత్రి 11 నుంచి 7 మధ్య జరిగేదాని మీదే మీ దృష్టి పెట్టండి. 1996 శబ్ద చట్టం ‘రాత్రి’ అని ప్రత్యేకంగా చూసే వేళ కూడా అదే. న్యూసెన్స్ అని తేలితే దాన్ని ఆపమని నోటీసు ఇస్తారు. నోటీసును లెక్కచెయ్యకపోతే అది నేరం, కోర్టు జరిమానా వెయ్యొచ్చు. కౌన్సిల్ చెయ్యనంటే మీరే మెజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లే దారి కూడా అదే చట్టంలో ఉంది. కానీ అంత దాకా వెళ్లినవాళ్లు మళ్లీ పక్కింటివాళ్ల ముఖం చూసి నవ్వడం కష్టం.

మీలా ఇల్లు అమ్మే ఆలోచన ఉన్నవాళ్లు ఒక సంగతి మర్చిపోతారు. ఇంగ్లండ్‌లో ఇల్లు అమ్మేటప్పుడు టీఏ6 అనే ఫారం నింపుతారు. అందులో పొరుగువాళ్లతో తగాదాలు, ఫిర్యాదులు ఏవైనా ఉన్నాయా అని అడుగుతారు. అబద్ధం రాస్తే కొన్నవాళ్లు తర్వాత కేసు వెయ్యొచ్చు. ఫిర్యాదు మానెయ్యమని భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. ముఖాముఖి మాట, కాస్త వేచి చూడటం, అవసరమైతే మధ్యవర్తిత్వం అయ్యాకే కాగితం పెట్టమంటున్నాను. మధ్యవర్తి ఎవరు దొరుకుతారో కౌన్సిల్‌నే అడగండి.

కంచె ఎత్తు పెంచుదామని ఎవరైనా సలహా ఇస్తే ఖర్చు పెట్టకండి. మీ పడకగది మేడ మీద ఉంది, కిటికీలోంచి టబ్బు కనబడుతోంది. కనబడినంత కాలం వినబడుతుంది. మొక్కల వరుసా అంతే, చూడ్డానికి బాగుంటుంది. ముందువైపు గది ఉంటే కొన్నాళ్లు మంచం అటు మార్చుకోండి. అది ఓడిపోవడం కాదు, ఈ మాటలన్నీ కంటినిండా నిద్రపోయి, తేటపడిన బుర్రతో మాట్లాడటానికి.

అత్తయ్య గారి విషయం వేరు. ఆవిడకు ఇబ్బంది శబ్దం వల్ల కాదు, చూపు వల్ల. వాళ్ల పెరట్లో వాళ్లు ఈత బట్టల్లో కూర్చోవడం, తాగడం మన ఫిర్యాదులో రాకూడదు, మాటల్లో కూడా దొర్లకూడదు. అది ఒక్కటి కలిసినా మీ నిద్ర కథ ఎవరూ వినరు. కొడుకే అమ్మకు ఈ ముక్క చెప్పాలి. మీరు చెబితే కోడలు వాళ్లను వెనకేసుకొచ్చిందని అవుతుంది. సాయంత్రాలు ఆవిడను, బాబును దగ్గర్లోని పార్కుకో చెరువు గట్టుకో తీసుకెళ్లండి. ఆరు నెలలు ఇంట్లోనే కూర్చుంటే ఎవరికైనా పక్కింటి మీదే ధ్యాస ఉంటుంది.

ఒకవేళ మోటారు ఆగిపోయాక కూడా పదకొండయ్యేసరికి గుండె దడగా, ‘ఇప్పుడు మొదలవుతుందేమో’ అని చెవులు రిక్కించి పడుకుంటుంటే, శబ్దం తగ్గినా మీ ఒంటికి ఎదురుచూడటం అలవాటైపోయిందన్నమాట. ఇలా కొన్ని వారాలు సాగితే మాత్రలు సొంతంగా కొనుక్కోకుండా జీపీని (మీ ఫ్యామిలీ డాక్టరును) కలవండి. మీరు మందుల మధ్యే పనిచేస్తారు కాబట్టి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను.