లారీ తోలేది మీరు, రికార్డు ఆయనది

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. అయోవా స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చదివేటప్పుడు పరిచయమైన అక్కడి రైతుబిడ్డను పెళ్ళి చేసుకున్నాను. అయిదేళ్ళు ఉద్యోగం చేసి, పిల్లలు పుట్టాక 2019లో మానేశాను. 480 ఎకరాల్లో మొక్కజొన్న, సోయా వేస్తాం. అందులో 160 మామగారివి, మిగతావి కౌలు. లెక్కలు రాసేది, కోతలప్పుడు గింజల లారీ తోలేది, పొలానికి భోజనాలు మోసేది నేనే. జీతం లేదు. ఏటా బ్యాంకులో పంట అప్పుకు మాత్రం ఇద్దరం సంతకం పెడతాం. వచ్చే ఏడు మామగారి నేలలో కొత్త గ్రెయిన్ బిన్ (గింజలు నిల్వచేసే పెద్ద గాదె) కట్టాలనుకుంటున్నాం. మావారికి ఒక అన్న, ఒక అక్క ఉన్నారు. నా పేరు మీద ఏముందో నాకే అర్థం కావడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ పేరున్న కాగితం ఆ అప్పు నోటు ఒక్కటే. మీ కష్టం మాత్రం ఏ కాగితం మీదా లేదు. ముందు అది సరిచేయండి, దానికి ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

సోషల్ సెక్యూరిటీ (అమెరికా ప్రభుత్వ పెన్షన్, బీమా పథకం) వెబ్‌సైటులో ఖాతా తెరిచి మీ సంపాదన పట్టిక, అంటే మీ రికార్డు, చూడండి. 2020 నుంచి వరసగా సున్నాలే ఉంటాయి. రిటైర్మెంట్ పెన్షన్‌కు 40 క్రెడిట్లు (సంపాదనను బట్టి ఖాతాలో పడే పాయింట్లు) కావాలి, ఏడాదికి నాలుగుకు మించి రావు. పాత ఉద్యోగం తాలూకు 20 దాకా మీకు ఉంటాయి, అవి ఎక్కడికీ పోవు. పోయింది వైకల్య బీమా. 31 ఏళ్ళు దాటినవారికి దాని కోసం గడచిన పదేళ్ళలో 20 క్రెడిట్లు ఉండాలి. ఉద్యోగం మానిన అయిదేళ్ళకు ఆ రక్షణ చేజారిపోతుంది. గింజలెక్కించే ఆగర్ పక్కన పనిచేసే మనిషికి ఇది చిన్న విషయం కాదు.

"ఆయన రికార్డు మీద నాకు సగం వస్తుంది కదా" అని చాలామంది ఊరుకుంటారు. పూర్తి రిటైర్మెంట్ వయసుకు తీసుకుంటే సగం దాకా వస్తుంది, నిజమే. కానీ దేంట్లో సగం? సొంత వ్యవసాయంలో రికార్డుకు ఎక్కేది షెడ్యూల్ ఎఫ్‌లో, అంటే వ్యవసాయ ఆదాయం చూపే పన్ను ఫారంలో, చివరికి మిగిలిన నికర లాభమే. డిసెంబరులో కంబైన్ (కోత యంత్రం) కొని పన్ను చట్టం సెక్షన్ 179 కింద మొత్తం ఆ ఏడే ఖర్చు రాసేస్తే పన్ను తగ్గుతుంది, రికార్డూ దానితోపాటే తగ్గుతుంది. ట్యాక్స్ చూసేవాళ్ళు మొదటి సగం మాత్రమే చెప్తారు.

పొలం ఆయన సొంత పేరు మీద నడుస్తుంటే ఆయన మిమ్మల్ని జీతానికి పెట్టుకోవచ్చు. 2025 లెక్కలో 1,810 డాలర్లకు ఒక క్రెడిట్, అంటే 7,240 జీతంతో నాలుగూ వస్తాయి. ఈ అంకె ఏటా కొంచెం పెరుగుతుంది. గంటకు 20 డాలర్ల చొప్పున అది 362 గంటలు. కోతల్లో లారీ, చలికాలంలో లెక్కలు కలిపితే మీరు అంతకు తక్కువేమీ చేయడం లేదు. దీని మీద సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను మీ వాటా, యజమాని వాటా కలిపి 15.3 శాతం, అంటే 1,108 డాలర్లు కట్టాలి. అమ్మో అనుకోకండి. జీతమూ, యజమాని వాటా 554 డాలర్లూ ఆయన షెడ్యూల్ ఎఫ్‌లో ఖర్చు కిందికి పోతాయి కాబట్టి, లాభమున్న ఏడు ఆయన స్వయం ఉపాధి పన్ను సుమారు 1,101 తగ్గుతుంది. తేడా ఆరేడు డాలర్లు. ఆయన రికార్డు ఆ మేరకు పలచబడుతుంది, అది దాచను. అయినా ఇద్దరిలో ఒకరికి ఏమీ లేకపోవడం కన్నా ఇదే మేలంటాను.

జీతం కాగితం మీద మాత్రమే ఉంటే చెల్లదు. ఆయన ఐఆర్ఎస్ (పన్నుల శాఖ) నుంచి ఈఐఎన్ (యజమాని గుర్తింపు సంఖ్య) తీసుకోవాలి, మీరు డబ్ల్యూ-4 (జీతంలో పన్ను కోతకు ఉద్యోగి ఇచ్చే ఫారం) నింపాలి, గంటలు ఒక నోటుబుక్కులో రాయాలి. చెక్కు పొలం ఖాతాలోంచి మీ ఒక్కరి పేరున్న ఖాతాకు డిసెంబరు 31 లోపు రావాలి. జనవరి 31కల్లా ఫారం 943 (వ్యవసాయ జీతాల పన్ను ఫారం), డబ్ల్యూ-2 (ఏడాది జీతం లెక్క) పంపాలి. ఏడాది మొత్తం పన్ను 2,500 లోపే కాబట్టి ఫారంతోపాటు ఒకేసారి కట్టొచ్చు. "జీతం బదులు మొక్కజొన్న ఇచ్చేయండి, ఈ పన్ను ఉండదు" అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. వ్యవసాయ పనికి గింజల రూపంలో ఇచ్చే కూలీకి ఆ పన్ను లేదు, నిజమే. పన్ను లేదు కాబట్టే క్రెడిట్టూ లేదు.

విత్తనం ఏది కొనాలో, పంట ఎప్పుడు అమ్మాలో మీరూ కలిసే తేలుస్తుంటే మీరు ఉద్యోగి కారు, భాగస్వామి. అప్పుడు క్వాలిఫైడ్ జాయింట్ వెంచర్ (భార్యాభర్తలు తమ వాటాలను విడివిడిగా చూపే పద్ధతి) ఎంచుకుని ఇద్దరూ చెరో షెడ్యూల్ ఎఫ్, చెరో షెడ్యూల్ ఎస్ఈ (స్వయం ఉపాధి పన్ను ఫారం) దాఖలు చేయాలి. పొలం ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పేరు మీద ఉంటే అయోవాలో ఈ దారి కుదరదు. లాభం రాని ఏడు షెడ్యూల్ ఎస్ఈ రెండో భాగంలో ఫార్మ్ ఆప్షనల్ మెథడ్ ఉంటుంది. స్థూల ఆదాయం మీద లెక్కగట్టి, 2025 అంకె ప్రకారం 7,240 దాకా చూపి నాలుగు క్రెడిట్లు నిలబెట్టుకోవచ్చు. ఎన్నేళ్ళయినా వాడుకోవచ్చు.

ఇక అప్పు. ప్రామిసరీ నోటు, సెక్యూరిటీ అగ్రిమెంటు (తాకట్టు ఒప్పందం) నకళ్ళు బ్యాంకు నుంచి అడిగి తీసుకోండి. ఇద్దరూ సంతకం పెట్టారంటే మొత్తం అప్పు మీ ఒక్కరి దగ్గరే వసూలు చేసే హక్కు బ్యాంకుకు ఉంటుంది. ముందు ముందు తీసుకునే అప్పులకూ ఇదే హామీ వర్తిస్తుందన్న వాక్యం ఉందేమో వెతకండి. అయోవా స్టేట్ యూనివర్సిటీ నేల ధరల సర్వేలో 1981లో ఎకరం సగటు 2,147 డాలర్లు ఉన్న నేల 1986కు 787కి పడింది. పొలం విలువ ఉంది కదా అని సంతకం పెట్టినవాళ్ళకు అప్పుడు మిగిలింది సంతకమే. కనీసం పంట అప్పు, యంత్రాల అప్పు కలిపినంత మొత్తానికి మీవారి మీద టర్మ్ బీమా ఉండాలి, లబ్ధిదారు మీరే కావాలి.

మామగారి నేల అన్నిటికన్నా చిక్కు. అదే సర్వేలో 2024 రాష్ట్ర సగటు ఎకరం 11,467 డాలర్లు. 160 ఎకరాలంటే 18 లక్షల 35 వేలు. వీలునామా ముగ్గురికీ సమానమంటే, మీవారు సేద్యం నిలబెట్టుకోవడానికి తోబుట్టువులకు 12 లక్షలకు పైగా ఇవ్వాలి. తోబుట్టువుల వాటాలు మీవారు కొనుక్కునే అవకాశం, ధర లెక్క, వాయిదాలు ఎన్నేళ్ళు అన్నవి మామగారు బతికుండగానే రాయించాలి. అడగాల్సింది మీరు కాదు, మీవారు. కోడలు అడిగితే వినే తీరు వేరు, గుంటూరైనా అయోవా అయినా. ఇంకో మాట, విడాకుల వంటి పరిస్థితి వస్తే అయోవాలో వారసత్వపు ఆస్తిని మామూలుగా పంచరు. అందుకే కూడా మీ సొంత రికార్డు ముఖ్యం.

లెక్కల పని మీదే కాబట్టి యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ (రైతులకు నేర్పే విభాగం) వాళ్ళ యానీస్ ప్రాజెక్ట్ అనే మహిళా రైతుల తరగతులు మీ చుట్టుపక్కల ఎప్పుడున్నాయో కనుక్కోండి. ఇల్లినాయిలో రూత్ హాంబుల్టన్ 2003లో మొదలుపెట్టారు, రైతు భార్య అయిన తన తల్లి పేరు మీద.

కొత్త బిన్ సంగతి. పునాది కాంక్రీటులో బిగించి కట్టినది మామూలుగా నేలతోపాటే పోతుంది, డబ్బు ఎవరిదైనా సరే. వారసులకు నేల పంచేటప్పుడు మీ బిన్ కూడా మూడు ముక్కలవుతుంది. బిన్ ఎవరిది, నేల చేతులు మారితే ఎంత ఇవ్వాలి అన్నది మామగారితో కౌలు పత్రం రాసుకుని అందులోనే ఆయన సంతకంతో రాయించండి. అది రాసేదాకా కాంక్రీటు పోయించకండి.