మయోటోనిక్ డిస్ట్రఫీ ఉన్న మా ఆయన రోజంతా నిద్రపోతారు, ఏదీ పట్టించుకోరు. ఇది బద్ధకమా, డిప్రెషనా, జబ్బులో భాగమా?

జబ్బులో భాగమేనండీ. డాక్టర్లు "కొందరిలో ఉండొచ్చు" అని నసుగుతారు గానీ, నాన్ననీ తమ్ముణ్ణీ ఇంట్లో చూసినదాన్ని, నాకైతే ఏ అనుమానమూ లేదు.

ఇది వంశపారంపర్యంగా వచ్చే జబ్బు: కండరాలు మెల్లగా బలహీనపడతాయి, బిగిసినవి వెంటనే వదలవు. మా తమ్ముడిది ఇందులో టైప్ 1 అనే రకం. మొదట పసిగట్టింది కంటి డాక్టరు. ఈ వయసులో రెండు కళ్లకూ శుక్లాలేంటని అనుమానం వచ్చి షేక్‌హ్యాండ్ ఇచ్చి చూశారు. వీడు పట్టుకున్న చెయ్యి వెంటనే వదల్లేకపోయాడు. తర్వాత న్యూరాలజిస్టు బొటనవేలి మొదట్లో చిన్న సుత్తితో తట్టారు. వేలు టక్కున లోపలికి ముడుచుకుంది, వెనక్కి మాత్రం తీరిగ్గా వచ్చింది. నాన్న సంగతి మాకు అప్పుడు అర్థమైంది. ఆయనకూ యాభైల్లోనే శుక్లాల ఆపరేషన్, ఉదయం పదింటికే పేపరు ఒళ్లో పెట్టుకుని కునుకు. తండ్రి కంటే కొడుక్కి ముందే రావడం, ముదిరి రావడం ఈ జబ్బు గుణం. 19వ క్రోమోజోమ్ మీద డీఎంపీకే అనే జన్యువులో సీటీజీ అన్న మూడక్షరాల ముక్క పదేపదే రిపీట్ అవుతుంది. 50 దాటితే జబ్బు, కొందరిలో వేలల్లో ఉంటాయి. 1992లో కనిపెట్టారు. ఆ రిపీట్ల నుంచి తయారయ్యే ఆర్‌ఎన్‌ఏ (జన్యువు నకలు లాంటిది) కణాల్లో పేరుకుపోయి మిగతా జన్యువుల పనినీ చెడగొడుతుంది. కండరాల్లోనే కాదు, కంట్లో, గుండెలో, మెదడులో కూడా. అలాంటప్పుడు దీన్ని ఒట్టి కండరాల జబ్బు అనడమేంటో!

మా అమ్మాయి పెళ్లి తెనాలిలో చేశాం. పెళ్లికూతుర్ని గంపలో మండపానికి తేవాల్సింది మేనమామే కదా. బరువంతా మా పిన్ని కొడుకులు మోశారు, వీడు ఆనవాయితీ కోసం ఒక అంచు పట్టుకున్నాడు. గంప దించాక అందరూ చేతులు తీశారు, వీడి వేళ్లు మాత్రం అంచుకే బిగుసుకుపోయాయి. ఫొటోగ్రాఫరేమో "సార్, కాస్త నవ్వండి సార్" అంటాడు. వాడు నవ్వుతూనే ఉన్నాడు! ముఖం కండరాలు సన్నబడ్డాక రెప్పలు వాలిపోయి, బుగ్గలు లోపలికి పోయి, నవ్వు పైకి కనిపించదు. ఆ తర్వాత ముందు వరసలో కుర్చీలో కూర్చుని, చేతిలో అక్షింతలతో సహా నిద్రపోయాడు. ఇంకేముంది, మేనమామ అలిగాడని గుసగుసలు. బట్టలు సరిగ్గా పెట్టలేదా, ఆస్తి పంపకాల్లో తేడా వచ్చిందా అని మా వియ్యపురాలు నన్నే అడిగారు. తలంబ్రాల దగ్గర నిలబడి జన్యువుల గురించి ఏం చెప్తాను? రాత్రి కారులో వాడే అన్నాడు, "పెళ్లి బాగా జరిగిందక్కా" అని. అదీ ముక్కుతో, కరెంటు బిల్లు చదివినట్టు. కానీ వాడి సంతోషమంతా ఆ ఒక్క మాటలోనే.

మీ ఆయన్నీ ఇలాగే చూడండి. డిప్రెషన్ విడిగా ఉండొచ్చు, ఉంటే దానికి మందులున్నాయి. కానీ ఈ ఉదాసీనత వేరు. మా తమ్ముడికి దిగులేమీ లేదు, పని మొదలుపెట్టడమే చేతకాదు. "స్నానం చెయ్యి" అంటే చేస్తాడు, మనం అనకపోతే సాయంత్రం దాకా అలాగే కూర్చుంటాడు. "బ్యాంకుకెళ్లి, కూరగాయలు తెచ్చి, గ్యాస్ బుక్ చెయ్యి" అన్నామో, మూడూ పోయినట్టే. ఒక పని అయ్యాకే ఇంకోటి చెప్తాం. నన్నడిగితే, ఇలాంటి ఇళ్లలో కండరాల కంటే కాపురాలను ఎక్కువ పాడుచేసేది ఈ ఉదాసీనతే. మా మరదలు ఎన్నేళ్లు తిట్టిపోసిందో! పైగా బంధువుల సలహాలు: రాగిజావ తాగించండి, తెల్లారుజామున లేపి వాకింగ్‌కి తీసుకెళ్లండి అని.

సదరం క్యాంపుదీ ఇదే కథ. 2016 వికలాంగుల చట్టంలో మస్క్యులర్ డిస్ట్రఫీ ఉంది, కానీ శారీరక వైకల్యాల కింద. కాళ్లూ చేతులూ ఎంత ఆడుతున్నాయో చూసి శాతం వేశారు. రోజుకు సగం నిద్రలో పోయే మనిషికి ఉద్యోగం ఎవరిస్తారని అడిగితే, ఆ కాలమ్ ఫారంలో లేదన్నారు.

నాలుగు యూరప్ దేశాల్లో ఈ జబ్బున్న 255 మంది మీద ఒక ట్రయల్ చేశారు, ఫలితాలు 2018లో వచ్చాయి. వాళ్లలో కొందరికి పది నెలలు కౌన్సెలింగ్ లాంటి థెరపీ ఇస్తే, ఆ కొందరు కాస్త ఎక్కువ పనులు చేసుకోగలిగారట. కొద్దిపాటి మార్పేలెండి, అయినా మా ఇంట్లో అదే పద్ధతి మా తిప్పలు మేం పడి చేస్తున్నాం: రోజూ ఒకే టైముకి లేపడం, పలకపై ఆ రోజు పనులు రాసి పెట్టడం.

పగటి నిద్రకు మాత్రం ముందు రాత్రి ఊపిరి ఎలా అందుతోందో స్లీప్ టెస్ట్ చేయించండి. కొందరికి మోడాఫినిల్ అనే మెలకువగా ఉంచే మందు రాస్తారు, అది గుండె చూశాక డాక్టరు తేల్చాలి. ఏడాదికోసారి ఈసీజీ తప్పనిసరి, లయ తప్పితే పేస్‌మేకర్ దాకా వెళ్తుంది. డాక్టరు దగ్గరికి మీ ఆయన్ని ఒంటరిగా పంపకండి, "ఎలా ఉంది" అంటే "బానే ఉంది" అని వచ్చేస్తారు. పైకి అనడం కాదు, చాలామందికి నిజంగానే బానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఇంకోటి, ఏ ఆపరేషనైనా సరే, మత్తు ఇచ్చే డాక్టరుకి జబ్బు పేరు ముందే మీ నోటితో చెప్పండి. ఫైల్లో ఉందిగా అనుకోకండి, చదవరు.